లాకు దగ్గర ఆదివారం

గెంట్ దాటాక మూడో లాకు.
వంతు కోసం కాచుకుని మా పడవ.
కడుపునిండా గోధుమలు.
ఇనుమూ సరుకూ మా వంటింటి పెనమూ కలిపి
నాలుగు వందల టన్నులని నాన్న లెక్క.
ముక్కు మీద తెల్లరంగుతో పేరు: వోల్‌హార్డింగ్.
మా ఫ్లెమిష్‌లో దానర్థం, పట్టు విడవకపోవడం.

పదమూడేళ్ళు నాకప్పుడు.
పడవల వాళ్ళ పిల్లలుండే హాస్టలు బడిలో
డె కుయ్‌పర్ మేడమ్ బోర్డు మీద రాసింది:
బలం ఈక్వల్ టు ద్రవ్యరాశి ఇంటూ త్వరణం.
వేళ్ళకంటిన సుద్ద గౌనుకి తుడుచుకుని
గంట కొట్టకముందే వెళ్ళిపోయింది.
నేను దించుకున్నాను.
నమ్మలేదు.

నాకు తెలిసిన బలం వేరు.
తెల్లారగట్ల దగ్గుతూ లేచే ముసలి డీజిల్ ఇంజిను.
అది ఉరిమితే కప్పులో కాఫీ వణకాలి,
అల్మరాలో పింగాణీ పళ్ళు పటపటలాడించాలి,
అప్పుడు గదా పడవ కదిలేది.
నావి రొట్టె కోసే చేతులు.

ఆదివారం గాలి పడిపోయింది.
కాలువ తోడుకున్న పెరుగులా ఉంది.
తాళ్ళు వదులు.
ఏం తోచక, గట్టు రాళ్ళ సందులో మడమలు తన్నిపెట్టి
ఇనుప పక్కకు రెండు అరచేతులూ ఆనించి
నెట్టాను.

ఏమీ లేదు.

ఇరవై కిలోల బంగాళాదుంపల బస్తా ఎత్తేపాటి బలం.
దాన్ని నాలుగు లక్షల కిలోలు పంచుకోవాలి,
ఊరంతటికీ ఒక్క అప్పడం విరిచి పెట్టినట్టు.
ఒక్కో కిలోకు అందేదెంత?
చాలా తక్కువ.
కానీ సున్నా కాదు.
ఆ రెంటికీ మధ్య ఎంత దూరముందో
ముందు నా భుజాలకు తెలిసింది.

పది లెక్కపెట్టేసరికి
ఇనుముకీ రాయికీ నడుమ అంగుళం నీరు.
ముప్పైకి జానెడు.
చేతులు చాలక గెడ అందుకున్నాను.
అరవైకి
గజం!
నాలుగు వందల టన్నులు. నేను.
తాళ్ళు బిగుసుకుని మూలిగితే తప్ప ఆగలేదది.

ఇక ఊరుకుంటానా,
తాడు పట్టి వెనక్కి లాగాను. అవే చేతులు, అదే నిమిషం.
మచ్చికైన దూడలా వచ్చింది,
నత్త కూడా నవ్వే నడకతో.
చాలన్నాను.
వినలేదు.
ఆపుదామని చెయ్యి చాపాను.

"గొడెలీవ!"
ఫిర్మిన్ మామయ్య గొంతు అంత పెద్దదని
ఆ రోజు దాకా నాకు తెలీదు.
పరిగెత్తుకొచ్చి రేకు బకెట్టును కాలితో
ఆ సందులోకి తన్నాడు.
పెద్ద చప్పుడేమీ కాలేదు.
బకెట్టు అప్పడమైంది.
పడవకు ఆ సంగతి తెలియనైనా తెలియలేదు.

మామయ్య ఎడమచేతికి మూడే వేళ్ళు.
తక్కిన రెండూ పైక్ చేప కొరుక్కుపోయిందని
చిన్నప్పుడు కథలు చెప్పేవాడు.
ఆ చెయ్యి నా ముందు చాపి కాసేపలా ఉంచాడు.
ఈసారి చేప ఊసెత్తలేదు.

రాత్రి, లాంతరు కింద, నోట్సు తీశాను.
గజం పొడవునా చిల్లర చిల్లరగా
నేను దానికి అప్పిచ్చాను.
ఒక్క సెంటీమీటరులో అదంతా తీర్చమంటే
తొంభై రెట్లు.
పద్దెనిమిది వేల న్యూటన్లు.
అంటే తొంభై బంగాళాదుంపల బస్తాలు
ఒకేసారి
చిటికెన వేలి మీద.

కదలనన్నప్పుడు మొండిదనుకున్నాను దాన్ని.
ఆగనన్నప్పుడూ అదే మొండితనం,
అదే నాలుగు వందల టన్నులు.
పేరు ఊరికే పెట్టలేదు తాతలు.
సూత్రం కింద బకెట్టు బొమ్మ గీశాను,
నొక్కుకుపోయాక ఉన్నట్టు.

తెల్లారి లాకు తలుపులు తెరుచుకున్నాయి.
ఇంజిను దగ్గింది, పింగాణీ వణికింది.
బకెట్టేదని అమ్మ అడిగింది.
మామయ్యా నేనూ
ఒక్కసారే నీళ్ళు నమిలాం.